పంతొమ్మిది మైళ్ళు

నాలుగున్నరకి, ఇంకా చీకటుండగానే
వెర్డెల్ పెట్వే బస్సు కింద టార్చిలైటు వేసి చూస్తుంది.
టైర్లు, బ్రేకులు, వెనక అత్యవసర ద్వారం.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస.
ఉత్తర కరొలైనా చలికి ఇంజను
ముసలి కుక్కలా దగ్గి లేస్తుంది.

అరవై ఆరు సీట్లు.
ఎక్కేది ముప్పైమంది.
ఆ ముప్పైమందీ ఆమె రంగు వాళ్ళే.
అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు.
రాసిపెట్టిన రోజుల్లో
చింపడానికి కాగితమైనా ఉండేది.

పొగాకు చేలు దాటగానే కొత్త చార్టర్ స్కూలు.
ఎర్ర ఇటుక, తెల్ల స్తంభాలు,
గేటుకి అడ్డంగా ‘అందరికీ స్వాగతం’.
రోడ్డు మీద అరమైలు కార్ల బారు.
ఒక్కో కారులో ఒక పిల్ల, ఒక అమ్మ,
తీరికైన ఒక ఉదయం.

ఫీజు లేదు. నడిచేది పన్నుల డబ్బుతోనే,
వెర్డెల్ జీతంలో కోసుకున్నది కూడా అందులో కలిసే ఉంది.
బస్సు లేదు. మధ్యాహ్నం అన్నం లేదు.
పెట్టి తీరాలని చట్టం అనలేదు.
తలుపుకి గడియ లేదు, ఒప్పుకోవాల్సిందే.
గుమ్మానికి మెట్లే లేవు.

మార్చిలో జిమ్ము హాల్లో లాటరీ.
డ్రమ్ములో తెల్లబంతులు గిరగిరా తిరిగి
నూట పద్నాలుగు అన్నాయి.
ఎనిమిదేళ్ళ జమైరా కుర్చీ ఎక్కి గెంతింది.
పక్కనున్న తెల్లావిడ కూడా
మనసారా చప్పట్లు కొట్టింది.
ఆవిడ చెడ్డది కాదు. చిక్కంతా అక్కడే.
చెడ్డవాళ్ళతో ఎలా వేగాలో వెర్డెల్‌కి తెలుసు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద లెక్క.
ఇంటి నుంచి పంతొమ్మిది మైళ్ళు.
గంట కొట్టేది ఏడూ నలభై అయిదుకి.
తల్లి షార్లీన్ కోళ్ళ ఫ్యాక్టరీ నుంచి బయటపడేది ఎనిమిదికి.
అమ్మమ్మ సరిగ్గా ఏడున్నరకి
ఆ గేటు ముందునుంచే బస్సు తోలుకుంటూ పోతుంది.
ఆగకూడదు.
జిల్లా బస్సు జిల్లా బళ్ళకే.
రూల్సు పుస్తకం, ముప్పై ఒకటో పేజీ.

జులైలో ఫోను. తేనె లాంటి గొంతు.
‘సీటు ఉంచమంటారా, వదులుకుంటారా?
మీ ఇష్టమేనండి.’
ఇష్టం.
ఆ మాటని వెర్డెల్ చాలాసేపు చప్పరించింది.
పులుపో చేదో తేలలేదు.

వాళ్ళమ్మ అర్నెట్టా పదమూడో ఏట
తెల్లవాళ్ళ బడికి మొదటి బస్సెక్కింది.
కిటికీ పగలగొట్టి పడ్డ రాయిని
ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.
ఇప్పటికీ వంటింటి తలుపు మూసుకుపోకుండా
ఆ రాయే అడ్డం.

పౌరహక్కుల ఫిర్యాదు ఫారం
ఆ తలుపు పక్కనే కూర్చుని నింపింది.
పేరు, ఊరు, పిల్ల వయసు.
ఏడో గడి: మిమ్మల్ని కాదన్నది ఎవరు?
పెన్ను ఆగిపోయింది.
కాదన్నవాళ్ళు లేరే!
బ్యానరుంది, చప్పట్లున్నాయి, తేనె గొంతుంది.
అర్నెట్టా రాయి విసిరినవాణ్ణి చూసింది,
చనిపోయేదాకా వాడి చొక్కా రంగు చెప్పేది.
వెర్డెల్ ఆ గడిలో
‘పంతొమ్మిది మైళ్ళు’ అని రాసి
ఇంటిపేరు ఉండాల్సిన చోట గీత గీసింది.

జవాబు ఇంకా రాలేదు.

అక్టోబరు. డ్రైవరు వెనక సీట్లో జమైరా,
తన పాత బడికే.
కార్ల బారు ఇవాళ రోడ్డంతా మూసేసింది,
బస్సు కూడా అందులో ఇరుక్కుంది.
అద్దం మీద ఆవిరి తుడిచి పిల్ల అంది:
‘మనమూ లైన్లోనే ఉన్నాం కదా, అమ్మమ్మా?’

వెనక ముప్పైమంది మాటలాపారు.
గేటు దగ్గర ఆరెంజి చొక్కా మనిషి
అలవాటుగా చెయ్యి ఊపాడు, లోపలికి రమ్మని,
ఏ బండో చూసుకోకుండా.

వెర్డెల్ చెయ్యి ఇండికేటరు మీదికి పోయింది.
టిక్కు.
టిక్కు.
వెనక ఎవరో హారన్ కొట్టారు.
టిక్కు.